డైనమో మార్చకుండానే చార్జింగ్ కుదిరింది: నా అనుభవం

పాత కారు. పగలు తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. రాత్రి లైట్లు వేసుకుని తిరిగిన మర్నాడు మాత్రం సెల్ఫ్ నీరసంగా తిరిగేది. బ్యాటరీ కొత్తదే. చూసినవాళ్లంతా, ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) పోయిందన్నారు. దాన్ని మార్చాక కూడా జబ్బు అలాగే ఉంటే దిక్కుతోచదు. అందుకే ముందు మల్టీమీటర్ పట్టుకున్నాను.

రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.2 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 ఉండాలి, 12.2 అంటే దాదాపు సగమే. ఆగి ఉన్నప్పుడు ఏదైనా కరెంటు లాగేస్తోందా? నెగటివ్ కేబుల్ విప్పి మధ్యలో మీటర్ కలిపితే 30 మిల్లీయాంపులే. గడియారానికీ రేడియోకీ ఆ మాత్రం పోతుంది. డైనమోలో డయోడ్ (కరెంటును ఒకవైపే వెళ్లనిచ్చే భాగం) షార్టయి ఉంటే ఇంతకంటే చాలా ఎక్కువ లాగేది.

ఇంజన్ స్టార్ట్ చేస్తే బ్యాటరీ దగ్గర 14 వచ్చింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లోడ్ లేకుండా తీసిన రీడింగును నేను నమ్మను. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి, 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచమని తమ్ముడికి చెప్పాను. 13.1కి పడింది. డైనమోను తిప్పే బెల్టు జారుతోందేమో అని చూశాను, బిగువుగానే ఉంది. అదే లోడ్ మీద డైనమో వెనకున్న బీ-ప్లస్ బోల్టుకూ (బ్యాటరీకి వెళ్లే వైరు బిగించేది ఇక్కడే) దాని బాడీకీ మధ్య కొలిస్తే 14.3! అంటే డైనమో బాగానే ఇస్తోంది, దారిలో 1.2 వోల్టులు పోతున్నాయి.

మీటర్ ఎర్ర ప్రోబ్ ఆ బోల్టు మీద, నల్లది బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టాను: 1.05. ఇది 0.3 దాటకూడదు. నెగటివ్ వైపు 0.15 మాత్రమే. ఎర్ర ప్రోబ్ అక్కడే ఉంచి, నల్లదాన్ని బోల్టు మీద నుంచి లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొస) మీదకి, అక్కడి నుంచి వైరు రాగి మీదకి జరుపుకుంటూ వెళితే, లగ్గు దాటి రాగి మీద పెట్టగానే అంకె ఎగిరింది. ఇంజన్ ఆపి రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూశాను. వైరు పైపొర గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కింది. లోపల రాగి పోగులు నల్లబడి, కొన్ని తెగి ఉన్నాయి. చెయ్యి పెట్టలేనంత వేడి.

ఈ డైనమోలో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ లోపలే ఉంటుంది, తన బోల్టు దగ్గరి వోల్టేజీనే చూసుకుంటుంది. అక్కడ 14.3 కనిపిస్తే తన పని అయిపోయినట్టే, బ్యాటరీకి ఎంత చేరిందో దానికి తెలియదు.

మధ్యలో ఒకాయన, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి చూడమన్నారు. ఒప్పుకోలేదు. దయచేసి మీరూ చేయకండి: వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్ కాలిపోవచ్చు.

బీ-ప్లస్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి, తర్వాతే ఆ వైరు ముట్టుకున్నాను. అంతే మందం వైరు, కొత్త లగ్గు వేశాక అదే లోడ్ మీద బ్యాటరీ దగ్గర 14.05 వచ్చింది. సగం దిగిన బ్యాటరీని డైనమో మీదే వదలకుండా బయటి చార్జర్‌తో నింపాను. మర్నాడు పొద్దున 12.6. నెగటివ్ వైపు ఆ 0.15 కూడా తగ్గించాలని ఉంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీ విప్పి శుభ్రం చేయడం తర్వాతి పని.