గుణదల కొండ మీద కొబ్బరికాయ

విజయవాడ నెహ్రూ బస్టాండులో దిగీ దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. గుణదలకు మూడొందలట! ఏలూరు రోడ్డు మీద సిటీ బస్సులు వరసగా పోతుంటే మూడొందలేంటండీ? ఊరికి కొత్తని తెలిస్తే చాలు, నోటికొచ్చిన రేటు. ఒళ్లు మండి బస్సే ఎక్కాను.

దుర్గమ్మ దర్శనం, ఉండవల్లి గుహలో పవళించిన అనంతపద్మనాభుడు, బ్యారేజీ మీద సాయంత్రపు గాలి, అన్నీ బాగున్నాయి. వాటి గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం గుణదల మాత గుడి దగ్గర చూసిందే కళ్లలో నిలిచిపోయింది.

1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదరు ఇక్కడ లూర్దుమాత, అంటే మేరీమాత విగ్రహం పెట్టించాడు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్లు. ఆ మూడు రోజులూ ఇసకేస్తే రాలదట. నేను వెళ్లింది మామూలు రోజు. అయినా కొవ్వొత్తుల పక్కనే కొబ్బరికాయల రాశులు, గుండ్లతో దిగివస్తున్న జనం! మాతను తెచ్చింది ఫాదరే గానీ, తలనీలాలూ కొబ్బరికాయా మనవాళ్లే వెంట తెచ్చుకున్నారు. ఇలా చెయ్యమని వాళ్లకెవరూ చెప్పి ఉండరు. మొక్కంటే మనకు తెలిసిన పద్ధతి అదే కదా.

మెట్ల దగ్గర ఒక పెద్దావిడ మనవడి గుండుకు గంధం రాస్తోంది. వాడు ఒకటే ఏడుపు. చేతిలో కొబ్బరిముక్క పెట్టాక గానీ ఊరుకోలేదు.

"మీరు క్రైస్తవులా అమ్మా?" అనడిగాను.

"కాదు బాబూ. వీడికి జరం తగ్గకపోతే మొక్కుకున్నాం. పొద్దున దుర్గమ్మ కొండెక్కాం, ఇప్పుడు ఈ అమ్మ దగ్గరికొచ్చాం. మీదేవూరు?"

కడప అన్నాను. చిన్నప్పుడు మా నాయన చెయ్యి పట్టుకుని ఉగాదికి దేవుని కడప వెళ్లడం గుర్తొచ్చింది. ఆ రోజు వెంకటేశ్వరస్వామి గుడి నిండా ముస్లింలే. బురఖాల్లో ఆడవాళ్లు కొబ్బరికాయ కొట్టి, హారతి కళ్లకద్దుకునేవాళ్లు. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, అందుకని స్వామి తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. ఆ సంగతంతా ఆవిడకు చెప్పాను.

ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "పండగపూట అల్లుణ్ని చూడకుండా ఉంటారేంటి మరి?" అని, మనవణ్ని చంకనేసుకుంటూ, "విజయవాడ నుంచి కడపకు నేరుగా బస్సుందా బాబూ?" అనడిగింది.