కొన్న ర్యామ్ పూర్తి వేగంతో నడుస్తోందా?

డబ్బా మీద 3600 అని ఉన్న డీడీఆర్4 ర్యామ్ బిగించాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ వేగం చూస్తే 2133 అనో 2666 అనో ఉంటుంది. ర్యామ్ పాడవలేదు, మిమ్మల్నెవరూ మోసం చెయ్యలేదు. సిస్టమ్ ముందు బూట్ కావాలి కాబట్టి బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అందరికీ సరిపోయే ప్రామాణిక వేగాన్నే పట్టుకుంటుంది. 3600కి కావలసిన టైమింగ్‌లు (ర్యామ్ స్పందించే వ్యవధులు), వోల్టేజ్ ర్యామ్ మీదున్న చిన్న చిప్‌లో ప్రొఫైల్‌గా రాసి ఉంటాయి. దాన్ని మనమే ఆన్ చెయ్యాలి. (హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ సగమే చూపిస్తుంది, కంగారు పడకండి. అది అసలు క్లాక్, డీడీఆర్ లెక్క దానికి రెట్టింపు.)

నాలుగు స్లాట్‌ల బోర్డులో రెండే స్టిక్‌లుంటే దాదాపు అన్నిచోట్లా ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్‌లలో పెట్టాలి. పక్కపక్కన పెడితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే ఛానెల్‌లో (ప్రాసెసర్‌కి డేటా వెళ్లే దారిలో) పడతాయి, ప్రొఫైల్ ఆన్ చేసినా ఆ నష్టం తీరదు.

కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ బోర్డుల్లో ఆ ప్రొఫైల్ సెట్టింగ్ పేరు ఎక్స్‌ఎంపీ, ఏఎండీ డీడీఆర్5లో ఎక్స్‌పో, ఆసుస్ ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ. మొదటి ప్రొఫైల్ ఎంచుకుని ఎఫ్10తో సేవ్ చెయ్యండి. డీడీఆర్4 వోల్టేజ్ 1.2 నుంచి 1.35కి మారడం మామూలే. హెచ్610 లాంటి ఇంటెల్ చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్) ఉంటే మాత్రం డీడీఆర్4 3200 దాటదు, దానికి ఏ సెట్టింగూ మందు కాదు.

డీడీఆర్5 అయితే మొదటి బూట్‌లో కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్, అంటే బోర్డు ర్యామ్‌కి సరిపడే సెట్టింగ్‌లు వెతుక్కోవడం, మధ్యలో పవర్ తీసెయ్యకండి. అసలు బూట్ కాకపోతే చాలా బోర్డులు కొన్నిసార్లు ప్రయత్నించి పాత వేగానికి అవే తిరిగొస్తాయి. రాకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి, బయోస్ సెట్టింగ్‌లు మొదటికి వస్తాయి.

విండోస్ వచ్చింది కదా అని ఇక్కడే ఆగిపోతారు చాలామంది. అదే పెద్ద పొరపాటు. అప్పుడప్పుడూ ఒక్క బిట్ తారుమారైనా సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, లోపల మీ ఫైళ్లు చెప్పాపెట్టకుండా పాడవుతుంటాయి. పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి, దాని నుంచి బూట్ చేసి, నాలుగు పాస్‌లూ (విడతలూ) పూర్తికానివ్వండి. గంటలు పడుతుంది, రాత్రి వదిలెయ్యండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరాదు.

ఎర్రర్ వస్తే వోల్టేజ్ పెంచాలని తొందరపడకండి. ప్రొఫైల్ అలాగే ఉంచి ఫ్రీక్వెన్సీ మాత్రం ఒక్కో మెట్టు దించండి: 3600, 3466, 3200. తరచూ వెనకబడేది ర్యామ్ కాదు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్. నాలుగు స్టిక్‌లు పెడితే దాని మీద భారం ఇంకా పెరుగుతుంది. వేర్వేరుగా కొన్న రెండు సెట్‌లు ఒకే మోడల్ అయినా లోపలి చిప్‌లు ఒకటే కాకపోవచ్చు, అందుకే కావలసినంతా ఒకే కిట్‌గా కొనడం మేలు.

బయోస్ అప్‌డేట్ చేస్తే సాధారణంగా ఈ ప్రొఫైల్ ఆఫ్ అయిపోతుంది. మళ్లీ ఆన్ చేశాక ఆ పరీక్షా మళ్లీ చెయ్యండి.