బ్యాట్ నాది, జెర్సీ మా బావమరిదిది

సిన్సినాటిలో స్టేడియం పక్కన పార్కింగ్‌కి 30 డాలర్లు కట్టినప్పుడే నా మూడ్ పోయింది. కొలంబస్ నుంచి 71 హైవే పట్టుకుని పొద్దున్నే బయల్దేరాం, దారిలో "నరకం నిజం" అని రాసిన ఆ పెద్ద బోర్డు కనపడగానే మా బావమరిది ఎప్పుడూ వేసే జోకే మళ్లీ వేశాడు, "బావా, మీ ఆఫీసు ఎగ్జిట్ వచ్చేసింది" అని. అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నా. ఎండలో బండి పెట్టుకునే జాగాకి 30 డాలర్లంటే ఎలా నవ్వొస్తుంది.

వాడికీ నాకూ ఒక పిచ్చి ఉంది, కాకపోతే చెరో రకం. బేస్‌బాల్ మ్యాచ్‌లో నిజంగా వాడిన సామాను కొనడం. దీన్ని ఇక్కడ గేమ్ యూజ్డ్ అంటారు, షాపుల్లో వేలాడే కొత్త సరుకు కాదు, ఆటగాడు చేత్తో పట్టుకున్నదో ఒంటి మీద వేసుకున్నదో అయ్యుండాలి. నేను బ్యాట్లు, వాడు జెర్సీలు. నా దగ్గర నాలుగున్నాయి, ఒక్కటీ పేరున్నవాడిది కాదు, గరాజ్‌లో ఉంటాయి, మా ఆవిడ వాటిని "నీ కట్టెలు" అంటుంది. వాళ్ల తమ్ముడి జెర్సీలకి మాత్రం గాజు ఫ్రేములు, గెస్ట్ రూమ్‌లో గోడ. న్యాయం ఎక్కడుందో మీరే చెప్పండి.

మ్యాచ్ ఒంటిగంటకి. మావాడు లోపలికెళ్లగానే సీటు కూడా చూసుకోకుండా గేమ్ యూజ్డ్ కౌంటర్‌కి పోయి నిలబడ్డాడు. సిన్సినాటి టీమ్ రెడ్స్ తరఫున అప్పుడప్పుడూ దిగే ఒక రిలీవర్ (ఆట మధ్యలో బంతి వేయడానికి వచ్చేవాడు) జెర్సీ, 425 డాలర్లు. చొక్కా అంచు దగ్గర వెండి రంగు హోలోగ్రామ్ స్టిక్కర్, దాని మీద నంబరు. ఆ నంబరు ఫోన్లో కొడితే ఏ రోజు ఏ టీమ్ మీద వేసుకున్నాడో వచ్చేస్తుంది. ఈ స్టిక్కర్ల పద్ధతి మేజర్ లీగ్ వాళ్లు 2001లో పెట్టారు, అంతకుముందు దొంగ సంతకాల ముఠాల మీద ఎఫ్‌బీఐ పెద్ద కేసే నడిపింది, ఆ దెబ్బకి ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కీ కనీసం ఒక మనిషిని కూర్చోబెడతారు, ఎక్కువమంది పోలీసు డిపార్ట్‌మెంట్లో చేసినవాళ్లో చేస్తున్నవాళ్లో. వాళ్ల కళ్ల ముందు జరిగితేనే స్టిక్కర్. మనూళ్లో రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షి సంతకం లాగా అనుకోండి, కాకపోతే ఇక్కడ సాక్షి నిజంగా చూస్తాడు.

కార్డు గీకేలోపే తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్. మావాడు ఊరుకోవచ్చుగా, చొక్కా ఎత్తి చూపించాడు. అమ్మ రేటు అడిగింది, మనసులోనే రూపాయల్లోకి మార్చుకుంది. "ఎవడో విడిచిన చొక్కాకి 35 వేలు పైనా? ఉతికారా కనీసం?"

నేనన్నా, "నువ్వు దసరాకి బెజవాడ కొండ మీద అమ్మవారికి కట్టిన చీర కొనుక్కురాలా? షాపులో అదే చీర సగం రేటుకి వస్తుందిగా".

"కళ్లు పోతాయి. అమ్మవారూ బంతాటవాడూ ఒకటేనట్రా" అని పెట్టేసింది.

పెట్టేసింది గానీ ఆవిడ అడిగిన రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. ఉతికారా? మ్యాచ్ అయిపోగానే జెర్సీ క్లబ్‌హౌస్ మిషన్లోకి పోతుంది. చెమట, మట్టి, స్లైడ్ కొట్టినప్పుడు అంటిన గడ్డి పసరు చాలావరకు సబ్బు నీళ్లలో పోతాయి. అందుకే జెర్సీవాళ్లు ఫోటోమ్యాచ్ అని ఒక విద్య పట్టారు. మ్యాచ్ ఫోటోలు పెద్దవి చేసి అంకె ఎక్కడ వంకరగా కుట్టారు, చారలు కుట్టు దగ్గర ఎలా కలిశాయి, దారం ఎక్కడ లేచింది అని ఒక్కో పోగూ చూసి "ఇది అదే" అని తేలుస్తారు. 1932 వరల్డ్ సిరీస్‌లో పాతకాలం మొనగాడు బేబ్ రూత్ వేలు చూపించి మరీ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడని చెప్పుకునే మ్యాచ్ ఉందిగా, ఆ జెర్సీ 2024లో 2 కోట్ల 41 లక్షల డాలర్లకి పోయింది. అదే రూత్, 1923లో యాంకీ స్టేడియం తెరిచిన రోజు మొదటి హోమ్ రన్ కొట్టిన బ్యాట్ 2004 వేలంలో 12 లక్షల 65 వేలు పలికింది. మధ్యలో 20 ఏళ్లున్నాయి, నిజమే, అయినా నాకు ఒళ్లు మండుతుంది. హోమ్ రన్ కొట్టింది చొక్కానా?

మావాడి వాదన ఇది: ఆటగాడు సీజన్లో డజన్ల కొద్దీ బ్యాట్లు విరగ్గొడతాడు, జెర్సీలు కొన్నే. పైగా జెర్సీ గోడకి పెడితే పేరూ నంబరూ దూరానికే కనపడతాయి, బ్యాట్ పెడితే వచ్చినవాళ్లు "పచ్చడి బండ ఎందుకు పెట్టారు" అంటారు. రెండోది నిజంగానే ఒకాయన మా ఇంట్లో అన్నాడు.

మ్యాచ్ గురించి ఏం లేదు, మనవాళ్లు ఓడిపోయారు. రాత్రి తిన్నది మాత్రం చెప్పాలి. స్పగెట్టి మీద దాల్చినచెక్క వాసనొచ్చే కీమా పులుసు, పైన బుట్టెడు చీజ్ తురుము. ఊరు ఊరంతా దీన్ని ఎగబడి తింటారు. నేను నాలుగు ముద్దలు తిని, కార్లో కూర్చుని డబ్బాలో పులిహోర తిన్నా.

నది మీద బ్రిడ్జి దగ్గర ఎప్పటిలాగే ట్రాఫిక్‌లో గంట. దాటాక ఫ్లోరెన్స్ అనే ఊరి నీళ్ల ట్యాంకు, ఈ దారిలో వెళ్లేవాళ్లందరికీ తెలిసిందే, పెద్ద అక్షరాలతో "ఫ్లోరెన్స్ యాల్" (యాల్ అంటే ఇక్కడి యాసలో "మీరంతా"). మొదట అక్కడ రాసింది ఫ్లోరెన్స్ మాల్ అట, ఇంకా కట్టని మాల్‌కి అంతెత్తున ప్రకటన ఏంటని హైవేవాళ్లు అభ్యంతరం పెడితే, ఇంగ్లిష్ ఎమ్‌కి రెండు పక్కల కాళ్లు చెరిపేసి, మధ్యలో ఒక కాలు పెట్టి వై చేసి ఊరుకున్నారు. "చూశావా, పాత జెర్సీలకీ ఇదే గతి" అన్నా. ఫ్లానెల్ ఉన్ని జెర్సీల రోజుల్లో సీజన్ అయిపోగానే వాటిని కింది లీగ్ టీములకి తోసేసేవాళ్లు, పేర్లు ఊడదీసి, నంబర్లు మార్చి, ఇంకో కుర్రాడికి తొడిగేవాళ్లు. అన్నల చొక్కాలు తమ్ముళ్లు వేసుకున్నట్టే. అందుకే పాతవి మిగిలినవే తక్కువ, మిగిలినవాటిలో మళ్లీ పేరు కుట్టించినవి చాలా. మావాడు కిటికీలోంచి చూస్తూ, "అందుకే కదా బావా అంత రేటు" అన్నాడు. వాదనలో వాడికే పాయింటు ఇచ్చుకున్నా.

లూయీవిల్‌లో హోటల్ 189, టాక్స్ వేరే. పొద్దున్నే మెయిన్ స్ట్రీట్‌లో లూయీవిల్ స్లగ్గర్ బ్యాట్ల కంపెనీ మ్యూజియం, ఫ్యాక్టరీ కూడా అక్కడే. బయట గోడకి ఆనించిన 120 అడుగుల ఇనప బ్యాట్ దగ్గర ఫోటోకి క్యూ, మేమూ నిలబడ్డాం. ఫ్యాక్టరీ లోపల తాజా చెక్క వాసన, కాల్చి ముద్ర వేసేటప్పుడు వచ్చే పొగ వాసన, నాకు తెనాలిలో మా సందు చివర కోతమిల్లు గుర్తొచ్చింది. ఇదివరకు ఎక్కువగా యాష్ చెక్క వాడేవాళ్లు, 2001లో బ్యారీ బాండ్స్ మేపుల్ బ్యాట్‌తో ఒక్క సీజన్లో 73 హోమ్ రన్లు కొట్టాక అందరూ అటు తిరిగారు, పైగా యాష్ చెట్లకి పురుగు పట్టింది. టూర్ అయ్యాక తలా ఒక బుల్లి బ్యాట్ ఇస్తారు. నేను గాజు దగ్గర ఆగిపోయింది మాత్రం రూత్ 1927 నాటి బ్యాట్ ముందు. ఆ సీజన్లో 60 కొట్టాడు కదా, ఈ బ్యాట్‌తో కొట్టిన ఒక్కోదానికీ ముద్ర చుట్టూ ఒక్కో గాటు పెట్టుకున్నాడు, మొత్తం 21. మా ఇంట్లో పాలవాడు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేవాడు, అచ్చం అలాగే ఉన్నాయి. గీసినవాడు అక్కడే నిలబడి ఇంకా లెక్క తేల్చుకుంటున్నట్టు అనిపించింది. "ఏ చొక్కా మీద ఉందిరా ఇలాంటిది" అంటే మావాడు పక్కకి తిరిగి బుల్లి బ్యాట్‌తో వీపు గోక్కున్నాడు.

ఈ ట్రిప్పులో నాకు మిగిలింది ఆ మధ్యాహ్నం. పాత సామాన్ల షెడ్డు ఒకటి, లోపల నలభై యాభై కొట్లు, ఏసీ పేరుకే. మూలగా ఒక ముసలాయన, కళ్లద్దాలకి దారం, ముందు డ్రమ్ములో గొడుగుల్లా నిలబెట్టిన బ్యాట్లు. నేను ఒకటి తీసి ముద్ర చూస్తుంటే, "చదవడం తర్వాత, ముందు వాసన చూడండి" అన్నాడు. పైన్ టార్ వాసన. పట్టు జారకుండా రాస్తారు కదా, దేవదారు బంక లాంటిది, నల్లగా జిగటగా. కింద నుంచి 18 అంగుళాలు దాటి రాయకూడదని రూలు, 1983లో జార్జ్ బ్రెట్ అనే ఆటగాడి హోమ్ రన్‌ని అంపైర్లు కొట్టేసిందీ, ఆయన డగౌట్లోంచి ఎద్దులా దూసుకొచ్చిందీ దీని మీదే.

ముసలాయన చిన్న టార్చి తీసి బ్యాట్‌ని మెల్లగా తిప్పాడు. వెలుతురు పక్కనుంచి పడితే చెక్క మీద బంతి కుట్లు అచ్చుపడి కనిపించాయి, గోరుతో నొక్కినట్టు చిన్న చిన్న గుంటలు, వంపు తిరిగిన వరస. ఇంకోచోట నీలం మరక, బంతి మీద ముద్ర సిరా తగిలి అంటుకుంది. పక్కన పొడుగ్గా ఆకుపచ్చ గీతలు, అవి డగౌట్లో బ్యాట్లు పెట్టే స్టాండు రంగు. పిడి దగ్గర చెక్కలోనే చిన్న నల్లచుక్క. మేపుల్ బ్యాట్లు ఊరికే ముక్కలై ఎగురుతున్నాయని 2009 నుంచి ఆ చుక్క పెడుతున్నారు, సిరా చెక్క నారలోకి ఎటు పాకిందో చూస్తే నార తిన్నగా ఉందో లేదో తెలుస్తుంది. ఆ చుక్క పక్కనుంచే పగులు, వెంట్రుకవాసి.

"మీ ఆటలో పాత బ్యాట్లేం చేస్తారు?" అని అడిగాడు. మనల్ని చూడగానే క్రికెట్ అనుకుంటారు, సరిగ్గానే అనుకుంటారు. చెప్పా. ఏడో క్లాసులో నాన్న కొన్న కశ్మీర్ విల్లో బ్యాట్, దానికి కార్క్ బంతి ఎర్ర మరకలు, ఒక్కో మరకా ఏ మ్యాచ్‌లోదో నాకు తెలుసు. వేసవి సెలవులకి మామయ్యగారింటికెళ్లి వచ్చేసరికి అమ్మ దాంతో దుప్పట్లు ఉతుకుతోంది. తెల్లగా, మెత్తగా అయిపోయింది, ఒక్క మరక లేదు. ముసలాయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. 140 చెప్పింది 115కి ఇచ్చాడు, నాకు తెలిసి అమ్మకి ఇచ్చిన డిస్కౌంట్ అది.

డబ్బులిచ్చాక ఆయనే అన్నాడు, బ్యాట్ మీద కాల్చిన పేరు ఒకరిది, కింద గుండు మీద మార్కర్‌తో రాసిన నంబరు ఇంకొకరిది. ట్రిపుల్ ఏ (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్) కుర్రాళ్లు, పేర్లు మీరెవరూ విని ఉండరు. ఒకడి దగ్గర ఇంకొకడు అడిగి తీసుకుని ఉంటాడట. స్టిక్కర్ లేదు, సాక్షి లేదు. మావాడికి పండగ. "బావా, అది ఎవరిదో దానికే తెలీదు!" ఆ ఆకుపచ్చ గీతల్ని చూసుకుంటూ నేనేం మాట్లాడలా.

జులై ఎండ. రెండూ డిక్కీలో పడేసి, దారిలో ఒకచోట భోజనం, ఇంకోచోట ట్రాఫిక్, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. డిక్కీ తెరిస్తే గుప్పున అదే వాసన. పైన్ టార్ వేడికి కరిగింది. బ్యాట్ దొర్లి జెర్సీ కవరు నోరు తెరుచుకున్న వైపుకి పోయి ఆనుకుంది, తెల్ల బట్ట మీద కుడిచెయ్యి దగ్గర అరచెయ్యంత నల్లమరక.

మా ఆవిడ చూసి, "ఇటివ్వరా, కొంచెం కిరోసిన్ రాసి సర్ఫ్‌లో నానబెడితే పోతుంది" అంది. ఇద్దరం ఒకేసారి "వద్దు!" అని అరిచాం. పిల్లలు లేచారు.

వాడు జెర్సీని డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఫోన్లో ఆ రోజు మ్యాచ్ ఫోటోలు పెద్దవి చేసి చూసుకుంటూ పన్నెండు దాకా కూర్చున్నాడు. నేను మజ్జిగ గ్లాసు ఇచ్చి పక్కన కూర్చున్నా. చాలాసేపటికి, "ఏ ఫోటోలోనూ ఈ మరక లేదు బావా" అన్నాడు.