మెట్ల దగ్గర కాగితం

మా మెట్ల దగ్గర బోర్డు మీద ఇవాళ ఎవరో ఒక కాగితం అంటించారు. "వంట చేసేటప్పుడు దయచేసి కిటికీ తెరిచి ఉంచండి" అని. పేరు రాయలేదు. రాయక్కర్లేదు కూడా. నిన్న అమ్మ పంపిన నెత్తళ్ళు వేయించింది ఈ బిల్డింగు మొత్తమ్మీద నేనొక్కదాన్నే. ఈయన చదివి నవ్వేశారు. "కిటికీ తెరిస్తే పోయేదానికి ఎందుకంత టెన్షన్" అని పడుకుని గుర్రు కూడా పెడుతున్నారు. నాకే నిద్ర పట్టక ఇదిగో, ఇలా.

కోపం వాసన అన్నందుకు కాదు. ఆ మాట నార్వేలో, అదీ ఈ బెర్గెన్‌లో అన్నందుకు! రేవు పక్కన అందరూ ఫొటోలు దిగే ఆ చెక్క ఇళ్ళ వరస, బ్రిగ్గెన్, ఉత్తరాది నుంచి పడవల్లో దిగిన ఎండుచేపని హన్సా అనే జర్మన్ వర్తక కూటమి వాళ్ళు కొని యూరప్‌కి అమ్ముకున్న చోటు. 1979లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. ఎండుచేప తిండి పెట్టిన ఊళ్ళో నా గుప్పెడు నెత్తళ్ళకి నోటీసా?

జూన్‌లో నార్వే ఉత్తరాన ఉన్న లోఫొటెన్ దీవులకి వెళ్ళినప్పటి సంగతులు సగమే రాసి వదిలేశాను కదా. ఈ రాత్రి అవే తిరుగుతున్నాయి. రోడ్డు చివరాఖర్న 'ఓ' అనే ఊరు. ఊళ్ళోని పాత ఇళ్ళే మ్యూజియం. 1844 నాటి బేకరీలో దాల్చినచెక్క వాసన, గోడల మీద గూళ్ళు పెట్టుకుని గోల చేసే సముద్రపక్షులు. చిన్నదానికి ఆ రెండే గుర్తున్నాయి. నాకు మాత్రం రోర్బూ గుర్తుంది. జాలర్ల గుడిసె, సగం ఒడ్డు మీద, సగం నీళ్ళలో దిగిన కర్రల మీద. 1120 ప్రాంతంలో ఐస్టైన్ రాజు ఇలాంటివి కట్టించాడని చెప్తారు. లోపల గోడకి అటకల్లాంటి మంచాలు. ఒక్కో మంచం మీద ఇద్దరు మగాళ్ళు. నేను చెయ్యి చాపి కొలిచాను, నాకే ఇరుకు. మంచం కింద ఇంటి దగ్గర ఆడవాళ్ళు సర్దిచ్చిన తిండిపెట్టె. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, గుడ్లు పెట్టడానికి బేరెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేప దిగొచ్చే కాలమంతా, ఆ పెట్టె, ఆ మంచం, తడి ఉన్ని బట్టలు. వాసన ఎలా ఉండేదో!

పైగా గుడిసె వాళ్ళది కాదు. ఊరికో యజమాని. గుడిసె ఆయనదే, కొట్టు ఆయనదే, పట్టిన చేప ఆయనకే అమ్మాలి, ధర ఆయన చెప్పిందే. 1938లో చట్టం వచ్చి, చేపల తొలి అమ్మకం జాలర్ల సంఘాల చేతికి వెళ్ళాక గానీ ఆ పట్టు పూర్తిగా సడల్లేదు. ఇప్పుడు అలాంటి గుడిసెలోనే మేం దిగాం. నేల కింద హీటింగ్, కాఫీ మెషీన్, గోడకి అలంకారంగా ఒక పాత వల. అద్దె చెప్తే అమ్మ మూర్ఛపోతుంది. చేప వాసన మాత్రం లేదు. గుడిసెల ఎర్ర రంగు ఉంచుకుని చేపని కడిగేశారు అని ఈయనతో ఆ రోజంతా సణిగాను.

కానీ ఇప్పుడు ఇది రాస్తుంటే అది కూడా పూర్తిగా నిజం కాదనిపిస్తోంది. ఆ ఎర్ర రంగు కూడా చేపదే. ఎర్రమట్టిని కాడ్ లివర్ నూనెలో కలిపి పూసేవారు, చవక కనక. ఊరి బయట చేపలు ఆరబెట్టే దండేలు కూడా ఖాళీగా లేవు. ఫిబ్రవరిలో తోకలు కలిపి జంటలుగా వేలాడదీసిన చేపని చాలావరకు దించేశారు గానీ తలకాయలు ఇంకా ఉన్నాయి, నోళ్ళు తెరుచుకుని. ఉప్పు లేదు, పొగ లేదు. గాలి, సున్నాకి అటూ ఇటూ ఆడే చలి, అంతే. మరీ చలైతే చేప గడ్డకట్టి పాడవుతుంది, వేడెక్కితే ఈగలు. ఆ తలకాయలు ఎక్కువగా నైజీరియా వెళ్తాయి. మంచి చేప ఇటలీకి.

ఇంకో సంగతి. పైఅంతస్తు పెద్దావిడది ఆ దీవులే. ఒకసారి లాండ్రీ గదిలో చెప్పింది. చిన్నప్పుడు బడి అయ్యాక షెడ్డులో కాడ్ తలని మేకుకి గుచ్చి నాలుక కోసేదట, కిలోకి ఇంత అని. ఇప్పటికీ అక్కడి పిల్లలకి అది పాకెట్ మనీయే, బాగానే వస్తుంది. ఆవిడ మాత్రం, "ఆ వాసన గోళ్ళలోంచి పోవడానికి చాలా కాలం పట్టింది" అంది. కాగితం అంటించింది ఆవిడేనా? అయితే నేనేం మాట్లాడను? సెలవుకెళ్ళి ఎండుచేపల కింద ఫొటో దిగి వచ్చినదాన్ని, దాన్నుంచి తప్పించుకుని వచ్చినావిడకి ఘనచరిత్ర గురించి పాఠం చెప్తానా? చెప్పను. అయినా తలుపు కొట్టి చెప్పొచ్చు కదా, ఆ కాగితమెందుకు! ఆ కోపం అలాగే ఉంది.

మా ఆఫీసులో నైజీరియా అమ్మాయి ఉంది, అక్కడి ఇగ్బో జాతి వాళ్ళు. ఎండుచేప లేకపోతే వాళ్ళ సూప్ సూపే కాదంటుంది. ఇగ్బోల ప్రాంతం నైజీరియా నుంచి విడిపోవాలని చూసిన బియాఫ్రా యుద్ధంలో, 1967-70 మధ్య, సాయంగా వెళ్ళిన తిండిలో ఇదీ ఉందట, వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట. ఆ తలకాయల్ని రాత్రంతా నానబెట్టాలో, ముందు ఉడకబెట్టాలో రేపు అడగాలి. పాలకూరలాంటి ఆకేదో వేస్తుంది. చింతపండు పడుతుందేమో.