గంటకో చుట్టు, తొమ్మిదింటికి సర్వర్ బంద్

నాకు రెండు పిచ్చులున్నాయి. ఇంట్లో ఓ మూల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి, దాని మీద ఇంటి పరికరాలను అదుపు చేసే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ నడుపుతూ, కనబడిన ప్రతిదానికీ ఏదో ఒక సెన్సర్ తగిలించడం మొదటిది. గంటల తరబడి పరుగెత్తడం రెండోది. ఏదో ఒకదాంతో సరిపెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. బ్యాక్‌యార్డ్ అల్ట్రా అనే పరుగు పోటీకి పేరిచ్చాక మాత్రం రెంటినీ ఒక ఒరలో ఎలా ఇమడ్చాలన్నది నిజంగానే సమస్యయింది. దాన్ని ఎలా నెట్టుకొచ్చానో చెబుతాను.

ముందు ఆ పోటీ సంగతి. చుట్టు పొడవు 6.706 కిలోమీటర్లు. ప్రతి గంటా సరిగ్గా గంట కొట్టగానే అందరూ కలిసి బయల్దేరాలి. నలభై నిమిషాల్లో వస్తే ఇరవై నిమిషాల విశ్రాంతి, యాభై తొమ్మిదిలో వస్తే ఒక్క నిమిషం. తర్వాతి గంటకు గీత దగ్గర లేకపోతే ఆట అయిపోయినట్టే. ఆ వింత దూరం వెనక ఓ లెక్కుంది: 24 చుట్లు తిరిగితే సరిగ్గా 100 మైళ్లు. చివరికి మిగిలిన ఒక్కరే విజేత, మిగతా అందరి పేరు పక్కనా ‘పూర్తి చేయలేదు’ అనే పడుతుంది. అమెరికాలో గ్యారీ కాంట్రెల్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2023లో అక్కడి బిగ్స్ బ్యాక్‌యార్డ్ పోటీలో హార్వీ లూయిస్ 108 చుట్లు తిరిగాడు. అంటే నాలుగున్నర రోజులు. నేను పెట్టుకున్నది 12 చుట్లు, ఎనభై కిలోమీటర్ల పైచిలుకు.

గంటగంటకూ ఠంచనుగా మొదలయ్యే పని అంటే సర్వర్లు నడిపేవాడికి, పెట్టిన వేళకు కంప్యూటర్ తనంతట తానే చేసే క్రాన్ జాబే గుర్తొస్తుంది. దీని రిహార్సల్ ఇంటి దగ్గరే పెట్టుకోవచ్చన్న ఆలోచన కూడా అలాగే వచ్చింది. దానికి ముందు ఇంటి గుమ్మం నుంచి 6.706 కిలోమీటర్ల దారి కొలవాలి. వాచీలో ఉండే జీపీఎస్ ఎత్తైన భవనాల మధ్య తడబడుతుంది, ఒకే దారికి ఒక్కోసారి ఒక్కో దూరం చూపిస్తుంది. రోడ్డు పరుగుల దూరం అధికారికంగా కొలిచేవాళ్లు సైకిల్ చక్రాన్నే నమ్ముతారు. నేనూ అదే చేశాను. ముందు చక్రం ఊచకు చిన్న అయస్కాంతం, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునే రీడ్ స్విచ్, దాని వెనక లెక్కపెట్టడానికి ఈఎస్‌పీ32 అనే చిన్న సర్క్యూట్ బోర్డు.

ఇక్కడ నేను అవసరానికి మించి ఆనందించానని ఒప్పుకోవాలి. రీడ్ స్విచ్ ఒకసారి మూసుకునేటప్పుడు వణుకుతుంది, చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగుసార్లుగా లెక్కేస్తుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే గంటకు 20 కిలోమీటర్ల వేగంలో రెండు తిరుగుళ్ల మధ్య 380 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. కాబట్టి ఒక సంకేతం తర్వాత 100 మిల్లీసెకన్ల లోపు వచ్చేవన్నీ కొట్టిపారేస్తే చాలు. పవర్ బ్యాంకుతో మరో తంటా. వైఫై ఆపేసిన ఈఎస్‌పీ32 తీసుకునే కరెంటు ఎంత తక్కువంటే, ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. విడి బ్యాటరీ సెల్స్‌కు మారాక గొడవ వదిలింది. చుట్టుకొలత విషయంలో మాత్రం ఉజ్జాయింపు పనికిరాదు. ఒక్క సెంటీమీటరు తేడా వస్తే చుట్టు మొత్తం మీద ముప్పై మీటర్లు పోతుంది. అందుకే తిన్నని రోడ్డు మీద కొలటేపుతో 300 మీటర్లు గీసుకుని, టైర్లో గాలి అంతే ఉంచి, సీటు మీద నేనే కూర్చుని తొక్కి లెక్క సరిచూసుకున్నాను. మనిషి బరువుకు టైరు కొంచెం అణుగుతుంది మరి.

దారి కుదిరాక మిగతాది తేలికే. పోటీలో మొదలవడానికి మూడు నిమిషాల ముందు మూడు ఈలలు, రెండు నిమిషాల ముందు రెండు, నిమిషం ముందు ఒకటి వేస్తారు. హాల్లో స్పీకరు 57, 58, 59వ నిమిషాల్లో అలాగే ఈల వేసేలా ఆటోమేషన్ రాశాను. గుమ్మం పక్కన ఓ జిగ్‌బీ బటన్ (వైర్లు లేకుండా సంకేతం పంపేది) అంటించాను. లోపలికొస్తూ ఓసారి, వెళ్తూ ఓసారి నొక్కితే ఆ సమయాలు ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతి మీదుగా డేటాబేస్‌లో పడతాయి. రిహార్సల్ రోజుల్లో మా అమ్మాయి ఆ బటన్‌కు అధికారి అయింది. నేను కుర్చీలో కూలబడితే స్టాప్‌వాచ్ చూస్తూ, “నాన్నా, ఇంకా ఆరు నిమిషాలుంది, షూ విప్పొద్దు” అనేది. ఆ సలహా ఏ పుస్తకంలోనూ చదవలేదు కానీ, చాలా మంచి సలహా.

ఆ లెక్కలు చూస్తే తేలింది ఒకటే. మొదటి చుట్లు యాభై నిమిషాల్లో, అంటే కిలోమీటరుకు 7 నిమిషాల 27 సెకన్ల చొప్పున వెళ్లిన రోజుల్లో పది నిమిషాల విశ్రాంతి దొరికింది కానీ, నాలుగైదు చుట్ల తర్వాత పరుగు వేగం అదే ఉన్నా గుండె వేగం పైపైకి పాకింది. యాభై రెండు నిమిషాల లెక్కన, ఎత్తు వచ్చినచోటల్లా నడుస్తూ వెళ్తే ఆ పాకడం బాగా ఆలస్యమైంది. రెండు నిమిషాల విశ్రాంతి వదులుకోవడం నాకు నష్టం అనిపించలేదు. ఎలాగూ ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయి.

ఇంత సామరస్యంగా చెబుతున్నాను కానీ, రెండు పిచ్చుల మధ్య అసలు కొట్లాట నిద్ర దగ్గరే. సర్వర్ పని రాత్రే గుర్తొస్తుంది. చిన్న అప్‌డేటే కదా అని మొదలెడితే, ఒక యాడాన్ (అదనంగా తగిలించిన ప్రోగ్రామ్) లేవదు, అది రాసుకున్న చిట్టా, అంటే లాగ్ చదవాలి, ఆ లాగ్‌లో ఇంకేదో కనిపిస్తుంది. పొద్దున్నే లాంగ్ రన్ ఉంటుంది. తొమ్మిది దాటాక ఎస్ఎస్‌హెచ్, అంటే లాప్‌టాప్ నుంచి సర్వర్లోకి వెళ్లే దారి, తెరవకూడదని నియమం పెట్టుకున్నాను. నియమాన్ని నమ్ముకోలేక నా లాప్‌టాప్ నుంచి వచ్చే ఆ దారిని రౌటర్లో రాత్రిపూట మూసేసేలా షెడ్యూల్ కూడా రాశాను. దాన్ని తీసేయాలన్నా రౌటర్లోకి వెళ్లాలి, ఆ బద్ధకమే నన్ను కాపాడింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పెద్ద విడుదలకు ముందు మార్పులన్నీ ఆపేస్తారు, దాన్ని కోడ్ ఫ్రీజ్ అంటారు. పోటీకి ముందు పరుగు తగ్గించే టేపర్ వారాల్లో నేనూ అదే పాటించాను, ఇంట్లో ఏదీ అప్‌డేట్ చేయలేదు. టేపర్‌లో కాళ్లు ఊరికే ఉంటాయి, చేతులు దురదపెడతాయి. సరిగ్గా అప్పుడే ఏదో ఒకటి విప్పాలనిపిస్తుంది.

డ్యాష్‌బోర్డుల మీద కూడా నాకో అభిప్రాయం ఏర్పడింది. గ్రాఫులు గీసే గ్రఫానాలో కేడెన్స్ (నిమిషానికి పడే అడుగులు), అడుగు పొడవు, నేలకు కాలు తాకే సమయం అంటూ గోడ నిండా గ్రాఫులు వేశాను. చూడ్డానికి ముచ్చటే. వాటిని చూసి నేను నిర్ణయం మార్చుకున్న సందర్భం మాత్రం లేదు. నిద్ర గంటలు, పొద్దున లేవగానే గుండె వేగం, వారంలో మొత్తం కదిలిన సమయం, ఈ మూడే ఉంచి మిగతావి తీసేశాను. బాల్కనీలో ఉష్ణోగ్రత, తేమ కొలవడానికి పెట్టిన బీఎంఈ280 సెన్సర్ నిజంగా పనికొచ్చింది. మొదట్లో అది ఈఎస్‌పీ32 బోర్డు వేడికి ఉష్ణోగ్రతను ఎక్కువ చూపించేది. వైరు పొడిగించి సెన్సర్‌ను నీడలో, బోర్డుకు దూరంగా వేలాడదీశాక దారికొచ్చింది. ఉష్ణోగ్రత కన్నా డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో చెప్పే అంకె) చూసుకుని లాంగ్ రన్ వేళ నిర్ణయించుకునేవాణ్ణి. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి పొద్దున వేగం గురించి పట్టుదలకు పోకుండా గుండె వేగం చూసుకుంటూ పరుగెత్తాను.

పోటీ రోజు నా స్పీకర్లు, బటన్లు ఏవీ లేవు. ఒక కుర్చీ, ఒక సంచి, వేళ ప్రకారం తినాల్సినవి రాసిన కాగితం. ఈలలు మాత్రం చెవికి బాగా తెలిసినవే. మూడు వినిపించగానే ఆలోచించకుండా లేచి నిలబడేవాణ్ణి. మారథాన్ దూరం దాటింది ఏడో చుట్టులో. తొమ్మిదో చుట్టు తర్వాత ఫోన్‌లో ఇంటి సర్వర్ నుంచి హెచ్చరిక, డిస్క్ నిండిపోతోందట. చెయ్యి దానంతటదే టైప్ చేయడానికి సిద్ధమైంది. “ఫోన్ ఇటివ్వు నాన్నా” అని అమ్మాయి లాక్కుని సంచిలో పడేసింది. పన్నెండు పూర్తయ్యాయి. పదమూడోది మొదలుపెట్టాను కానీ గడువు లోపల తిరిగి రాలేకపోయాను. జాబితాలో నా పేరు పక్కనా అందరి లాగే ‘పూర్తి చేయలేదు’ అని ఉంది.

ఇప్పుడు కాళ్లకు విశ్రాంతి వారాలు. వాయిదా పడ్డ పనులన్నీ వీటిలోనే పెట్టుకున్నాను. డిస్క్ నిండడానికి కారణం దొరికింది. సెన్సర్ల లెక్కలు దాచే హోమ్ అసిస్టెంట్ రికార్డర్ మామూలుగా పది రోజుల చరిత్రే ఉంచుతుంది. చుట్ల లెక్కలు పోతాయేమోనని దాన్ని పెంచాను, దాంతో ప్రతి సెన్సర్ ప్రతి కదలికా పోగుపడింది. అవసరం లేని సెన్సర్లను రికార్డర్ నుంచి తప్పించి, చుట్ల సమయాలను విడిగా దాచి, గడువు మళ్లీ పదికి తెచ్చాను. ఎస్‌డీ కార్డు మీద అదేపనిగా రాస్తూ పోతే అరిగిపోతుంది కాబట్టి డేటాబేస్‌ను అంతకన్నా ఎక్కువ మన్నే ఎస్ఎస్‌డీ డిస్కుకు మార్చే పని నడుస్తోంది. పరుగు మళ్లీ మొదలయ్యేలోపు అది పూర్తి కావాలి. రౌటర్లో తొమ్మిదింటి షెడ్యూల్‌ను ఈ వారాలకు పదకొండుకు జరిపాను.