డిజైన్ సాఫ్ట్‌వేర్ లోగో దగ్గరే ఆగిపోతోందా? ముందు ప్రింటర్ సంగతి చూడండి

వినాయక చవితికి ముందు వారం ఫ్లెక్స్ డిజైన్ షాపుల్లో ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మండపం కమిటీలన్నీ ఒకేసారి మీద పడతాయి. సరిగ్గా ఆ వారంలో నా సిస్టమ్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది. నిన్న సాయంత్రం దారికి వచ్చింది. అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నా, ఇంకొకరు నాలాగా తిప్పలు పడకూడదని.

ఏ సాఫ్ట్‌వేరో పేరు రాయను. తప్పు దానిది కాదని తేలాక పేరు పెట్టి నింద వేయడం న్యాయం కాదు.

ముందు నెట్ సంగతి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్ గోఖలేనగర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో చాలాచోట్ల కరెంటు స్తంభాలకి వేలాడే కేబుళ్లు కత్తిరించారు. అంబర్‌పేటలో మా గల్లీలో కూడా నెట్ పోయింది. ప్రాణాల కన్నా నెట్ ఎక్కువ కాదు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మా పాత కనెక్షన్ వాళ్లకి ఫోన్ చేస్తే ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడే లేడు. పండగ పని ఆగకూడదని వేరే కంపెనీ కనెక్షన్ తీసుకున్నా. ఒక అబ్బాయి వచ్చి కొత్త రూటర్ బిగించి, ఫోన్‌లో స్పీడ్ చూపించి, ఓటీపీ అడిగి వెళ్లిపోయాడు. అంతవరకు బాగానే ఉంది.

మర్నాడు పొద్దున షాపు తెరిచి సాఫ్ట్‌వేర్ మీద డబుల్ క్లిక్ చేస్తే లోగో బొమ్మ వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ఏవేవో లోడ్ అవుతున్నట్టు గబగబా మారి, ఒక లైను దగ్గర ఆగిపోయింది. ఇక కదల్లేదు. టాస్క్ మేనేజర్‌లో నాట్ రెస్పాండింగ్. రీస్టార్ట్ చేశా, యాంటీవైరస్ ఆపి చూశా, సెట్టింగులన్నీ మొదటికి తెచ్చే కీలు నొక్కి పట్టుకుని తెరిచా. ఏం మారలేదు. విచిత్రం ఏంటంటే క్రోమ్ తెరుచుకుంటోంది, వాట్సాప్ వస్తోంది, నెట్ పాతదానికన్నా వేగంగా ఉంది. అందుకే నెట్‌వర్క్ మీదికి ఎవరి ధ్యాసా పోలేదు.

దగ్గర్లో ఒక సర్వీస్ షాపు అతన్ని పిలిచాను. అసలు బాధ ఇక్కడే మొదలైంది.

అతను వచ్చేసరికి షాపులో ఒక గణేశ్ కమిటీ కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. ఎనిమిది బై నాలుగు బ్యానర్, పైన స్వామి, కింద కమిటీ సభ్యులందరి ఫొటోలు. ఎవరి ఫొటో ఎవరి పక్కన రావాలో కాగితం మీద గీసుకుని మరీ తెచ్చారు. అతను నా కుర్చీలో కూర్చున్నాడు. ఒకసారి సాఫ్ట్‌వేర్ తెరిచాడు, ఆగిపోయింది. వెంటనే కుర్చీ వెనక్కి తిప్పి, ఆ పిల్లల ముందే, "క్రాక్ వేస్తే ఇట్లనే అయితది అన్నా. నడిచినన్ని దినాలు నడుస్తది, తర్వాత కంపెనీవాళ్లు బంద్ చేస్తరు" అన్నాడు.

క్రాక్ అంటే లైసెన్స్ కొనకుండా దొంగతనంగా వాడే కాపీ. నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఈ వీధిలో లైసెన్స్ కొని వాడే షాపులు ఎన్నున్నాయో నాకు తెలుసు. నేను కొన్నాను. నా భార్య చీటీ పాట ఎత్తిన డబ్బుతో కొన్నాను. సొరుగులోంచి ఫైలు తీసి, జీఎస్టీ నంబరుతో సహా ఉన్న బిల్లు అతని ముందు పెట్టాను. కన్నెత్తి చూడలేదు. "బిల్లు ఉంటది అన్నా, బిల్లుది ఏముంది" అన్నాడు. కమిటీ కుర్రాళ్లలో ఒకడు పక్కవాడి మొహం చూసి, "అన్నా, మరి మా పని అవుతదా? లేకుంటే వేరే దగ్గర చూసుకుంటం" అన్నాడు. అన్నేళ్లుగా మా దగ్గరే చేయించుకుంటున్న గల్లీ పిల్లలు. వాళ్ల తప్పు లేదు, ఎదురుగా ఒక మనిషి నన్ను దొంగని చేసి మాట్లాడుతుంటే వాళ్లు మాత్రం ఏమనుకుంటారు?

తర్వాత అతను సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఎక్కించాక మళ్లీ అదే లైను దగ్గర ఆగింది. అప్పుడైనా తన మాట వెనక్కి తీసుకోవాలా వద్దా? "విండోసే పోయింది, ఫార్మాట్ కొట్టాలె" అన్నాడు. ఫార్మాట్ అంటే సిస్టమ్‌లో ఉన్నవన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడం. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, చేసేవాళ్లకి ఆ బాధ ఏంటో తెలుసు. 'అను' అనే తెలుగు ఫాంట్లు మళ్లీ ఎక్కించుకోవాలి, కీబోర్డ్ సెట్టింగులు, కలర్ ప్రొఫైళ్లు అన్నీ మొదట్నుంచి పెట్టుకోవాలి. పండగ వారంలో అది జరిగే పని కాదు. వద్దన్నాను. విజిట్ చార్జీ ఐదు వందలు ఫోన్‌పే చేయించుకుని వెళ్లాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రిపేరుకి వచ్చిన మనిషికి జబ్బు తెలియకపోతే తెలియలేదని చెప్పొచ్చు, అందులో చిన్నతనం లేదు. కస్టమర్ల ముందు యజమాని నిజాయితీ మీద రాయి వేయడం మాత్రం క్షమించరాని పని. మా వ్యాపారం నమ్మకం మీద నడుస్తుంది. అడ్వాన్స్ ఇచ్చి వెళ్లే కుర్రాడు రసీదు కూడా అడగడు. మీలో ఎవరైనా ఈ రిపేరు పని చేస్తుంటే దయచేసి ఇది గుర్తుంచుకోండి.

కమిటీ వాళ్లని సాయంత్రం దాకా ఆగమని బతిమాలి పంపించాను. సాఫ్ట్‌వేర్‌ని అలాగే వదిలేసి అన్నానికి ఇంటికి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే అది తెరుచుకుని ఉంది! మూసి మళ్లీ తెరిస్తే మళ్లీ ఆగింది. అంటే పాడైపోలేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది. ఈసారి టాస్క్ మేనేజర్‌లో సీపీయూ గడి చూశాను, సాఫ్ట్‌వేర్ ఎంత పని చేస్తోందో అక్కడ తెలుస్తుంది. సున్నా. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి: సాఫ్ట్‌వేర్ ఆగినప్పుడు సీపీయూ పైకి ఎగబాకి ఉంటే అది లోపల ఏదో పనిలో ఇరుక్కుంది. సున్నా దగ్గర పడి ఉంటే చాలాసార్లు బయటి నుంచి రావాల్సిన జవాబు కోసం కూర్చుందన్నమాట.

ఛత్తా బజార్‌లో మేము పెళ్లికార్డులు వేయించే ప్రెస్సు ఉంది. అక్కడి పెద్దాయన చేతిరాత కాలం నుంచీ ఈ పనిలో ఉన్న మనిషి. ఆ రోజు ప్రూఫు గురించి ఫోన్ చేస్తే నా గోడు చెప్పుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "భాయ్, డిఫాల్ట్ ప్రింటర్ ఏది పెట్టినవ్? వైర్‌దా, నెట్‌వర్క్‌దా?"

డిఫాల్ట్ అంటే మనం వేరేది ఎంచకపోతే సిస్టమ్ తనంతట తాను వాడే ప్రింటర్. నాకు అలా ఉన్నది నెట్‌వర్క్‌లో పెట్టిన ఏ3 కలర్ ప్రింటర్. మిగతాది నేనే విప్పుకుంటూ వెళ్లాను. సిస్టమ్ వెనకాల లాన్ కేబుల్ (రూటర్ నుంచి వచ్చే నెట్ వైరు) పీకి సాఫ్ట్‌వేర్ తెరిచా. టక్కున తెరుచుకుంది. కేబుల్ పెట్టి తెరిచా, ఆగిపోయింది. దాంతో సగం తేలిపోయింది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే నెట్‌వర్క్‌లో సిస్టమ్‌కి ఉన్న నంబరు (ఐపీ అడ్రస్) చూపిస్తుంది. అది 192.168.0 తో మొదలైంది. ప్రింటర్‌కి కొన్నప్పుడే చేత్తో ఇచ్చిన నంబరు 192.168.1.50. అది పలుకుతుందో లేదో చూడటానికి పింగ్ కొడితే వరసగా నాలుగు లైన్లు, నాలుగూ రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్, అంటే జవాబు లేదు.

జరిగింది ఇది. పాత రూటర్ 192.168.1 వరసలో నంబర్లు ఇచ్చేది, కొత్తది 192.168.0 వరసలో ఇస్తోంది. సిస్టమ్ కొత్త వరసలోకి వెళ్లింది, ప్రింటర్ పాత వరసలోనే ఉండిపోయింది. డిజైన్ సాఫ్ట్‌వేర్లు కొన్ని తెరుచుకునేటప్పుడే కాగితం సైజులు, మార్జిన్ల కోసం డిఫాల్ట్ ప్రింటర్‌ని అడుగుతాయి. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల తలుపు కొడుతూ నిలబడ్డట్టు, అది ఆ పాత నంబరు దగ్గర జవాబు కోసం ఆగిపోయింది. కేబుల్ పీకినప్పుడు నెట్‌వర్కే లేదని విండోస్ వెంటనే చెప్పేస్తుంది కాబట్టి ఆగకుండా ముందుకెళ్లింది. కేబుల్ ఉన్నప్పుడు ఆ ప్రశ్న రూటర్ దాటి ఎటో పోతుంది, లేదని చెప్పేవాళ్లు ఉండరు, గడువు తీరేదాకా ఆగాల్సిందే.

బాగు చేయడానికి పట్టింది కొద్దిసేపే. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైజెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్. అక్కడ లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు చివరగా ఏ ప్రింటర్ వాడితే దాన్నే డిఫాల్ట్ చేసేస్తుంది. ముందు దాన్ని ఆపండి. తర్వాత మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ని డిఫాల్ట్ చేయండి. అది మీ సిస్టమ్‌లోనే ఉంటుంది, ఏ నెట్‌వర్కూ అక్కర్లేదు. నాకు అంతటితోనే సాఫ్ట్‌వేర్ మామూలుగా తెరుచుకుంది. ఆ తర్వాత తీరిగ్గా ప్రింటర్ ప్యానెల్‌లో కొత్త వరస నంబరు ఇచ్చి, సిస్టమ్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి పోర్ట్ దగ్గర ఆ కొత్త నంబరు పెట్టాను.

మీకు ప్రింటర్ బాగానే ఉండి కూడా ఇలా ఆగుతుంటే, వేరే సిస్టమ్‌లోని ఫోల్డర్లని డ్రైవ్‌లుగా పెట్టుకున్నారేమో చూడండి. సాఫ్ట్‌వేర్ వెతికే ఫాంట్లు, టెంప్లేట్లు ఆ డ్రైవ్‌లో ఉండి, అవతలి సిస్టమ్ ఆపి ఉంటే ఇదే గోల. ఆఫీసుల్లో సర్వర్ నుంచి లైసెన్స్ తీసుకునే పద్ధతి ఉంటే ఆ సర్వర్ అందుతోందో లేదో చూడాలి. కేబుల్ పీకి చూడటం మాత్రం అందరికీ మొదటి పరీక్ష, పైసా ఖర్చు లేదు. సర్వర్ లైసెన్స్ ఉన్నచోట మాత్రం కేబుల్ పీకితే లైసెన్స్ లేదని అంటుంది, దానికి కంగారు పడకండి.

కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్లు పాత రూటర్ ఏ వరసలో ఉందో ముందే ఒక ఫొటో తీసి పెట్టుకోండి, కొత్తదాన్ని కూడా అదే వరసలో పెట్టమని బిగించే అబ్బాయిని గట్టిగా అడగండి. రెండు నిమిషాల పని. షాపులో ప్రింటర్ ఉందా, కెమెరా ఉందా అని వాళ్లు అడగరు, స్పీడ్ చూపించేసి వెళ్లిపోతారు.

సాయంత్రం కమిటీ కుర్రాళ్లు వచ్చేసరికి ప్రూఫు ఏ3 మీద తీసి టేబుల్ మీద పెట్టాను. ఒక ఫొటో స్థానం మార్చమన్నారు, వాళ్ల ముందే మార్చి చూపించాను. లైసెన్స్ బిల్లు కూడా చూపించాను. "అది మాకెందుకన్నా" అన్నారు కానీ నేనే చదివించాను.

సర్వీస్ షాపు అతనికి ఫోన్ చేసి కారణం చెప్పి, నా ఐదు వందలు తిరిగి ఇవ్వమన్నాను. విజిట్ చార్జీ వాపసు ఉండదన్నాడు. అయితే దానికి బిల్లు పంపమన్నాను. ఇంతవరకు పంపలేదు. రేపు మళ్లీ చేస్తాను.