గునుగు పూలు, నాలుగించుల ఫ్రేము

మా అక్కాబావల పెండ్లి 2000 మేలో అయింది. 2025 మేకు 25 ఏండ్లు నిండుతాయని, ఏదైనా నా చేతులతో చేసి ఇవ్వాలని ఫిబ్రవరిలోనే అనుకున్నాను. వెండి కొనే ధైర్యం ఎలాగూ లేదు. హన్మకొండలో మా ఇంట్లో చిన్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఉంది. జాకెట్ చేతులకు బుటీలు, పిల్లల గౌన్లకు పేర్లు కుట్టి ఇస్తుంటాను. బట్టను బిగించే దాని ఫ్రేము నాలుగించులకు నాలుగించులు, అంటే 100 మిల్లీమీటర్లు. ఒక్క కుట్టు కూడా అది దాటి పోదు. ఈ సంగతి తెలిసి కూడా నేను చేసిన పని వినండి.

దిండు గలీబుల జతకు మంచి డిజైన్ కోసం వెతికితే ఆన్‌లైన్‌లో ఒకటి నచ్చింది. గుండె ఆకారంలో గులాబీల తీగ, మధ్యలో రెండు అక్షరాలకు జాగా. చూడగానే కొనేశాను. అది ఐదించులకు ఏడించుల ఫ్రేముకు చేసిన డిజైన్. 180 మిల్లీమీటర్ల ఎత్తున్న దాన్ని కంప్యూటర్‌లో గుంజి 100కు దించాను. బొమ్మ చిన్నదైంది గానీ కుట్లు తగ్గలేదు, 22 వేలు అట్లనే ఉన్నాయి. ఎత్తు, వెడల్పు రెండూ తగ్గేసరికి జాగా మూడో వంతు కూడా మిగల్లేదు. అందులో అన్ని కుట్లు ఎక్కడ పడతాయి? మొదటి గులాబీ సగంలోనే సూది ధన్‌ధన్‌మని కొట్టడం మొదలుపెట్టింది. దారం నాలుగుసార్లు తెగింది. ఐదోసారి సూదే విరిగింది. బట్ట తీసి చూస్తే పువ్వున్న చోటు అట్టముక్క లెక్క బిగుసుకుపోయింది, కింద దారం ఉండ కట్టింది.

పది శాతం అటూ ఇటూ అయితే ఏ డిజైనైనా ఓర్చుకుంటుంది. అంతకంటే ఎక్కువ మార్చాలంటే సాఫ్ట్‌వేర్ కుట్లను మళ్ళీ లెక్కగట్టాలి. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక సూది, మీటరు బట్ట, ఒక ఆదివారం ఖర్చయ్యాయి.

ఆ అట్టముక్కను చూసి మా అమ్మ అన్నది: "గులాబీలెందుకు బిడ్డా? మీ అక్క మురిసింది గునుగు పువ్వుకు గదా."

నిజమే. 1999 బతుకమ్మకు అక్కకు బావతో నిశ్చితార్థం అయి ఉంది. పొద్దున తలుపు తీస్తే గడప ముందర గునుగు కట్టలు, వాటి మీద తంగేడు. ఎవరు పెట్టారో చూసినవాళ్ళు లేరు, సైకిల్ బెల్లు మాత్రం వినపడింది. ఆ పూలతో పేర్చిన బతుకమ్మ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వైశాఖంలో గునుగు ఎక్కడ దొరుకుతుంది? దారంతో పూయించాల్సిందే.

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో, గీసినదాన్ని కుట్లుగా మార్చే ఇంక్‌స్టిచ్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ వేసుకుని సొంతంగా గీయడం మొదలుపెట్టాను. తంగేడు సులువనుకుని ముందు దాన్ని పట్టాను. గుండ్రంగా రెక్కలు పేర్చి, పసుపు నింపి చూపిస్తే అమ్మ నవ్వింది. "గిది బంతి. తంగేడుకు ఐదు రెక్కలే ఉంటయి, నడుమ కొక్కెం లెక్క వంగిన కాడలుంటయి." ఫోన్‌లో దాచుకున్న పాత బతుకమ్మ ఫొటోలు పెద్దవి చేసి చూస్తే ఆమె చెప్పిందే కరెక్టు. ఆకు ఇంకా కష్టం. ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు జతలుగా ఉంటాయి. అన్నీ పెడితే ఒక్కోటి మిల్లీమీటరు వెడల్పు కూడా రాదు, అంత సన్నదానికి సాటిన్ కుట్టు, అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు దగ్గరదగ్గరగా వేసే నున్నటి కుట్టు, నిలవదు. ఆరు జతలతో సరిపెట్టాను.

గునుగు దగ్గర మాత్రం నాలుగు రాత్రులు కూర్చున్నాను. కంకి కొనన గులాబీ రంగు, కిందికి వచ్చేకొద్దీ వెండి తెలుపు. ఒకే సాటిన్‌తో నింపితే క్యాండిల్‌లా నున్నగా వచ్చింది. చివరికి మూడు రంగులు పెట్టి, పొట్టి కుట్లను పైకి ఏటవాలుగా, ఒక రంగు అంచు మీదికి ఇంకో రంగు ఎక్కేలా వేశాను. అప్పుడు గానీ ఆ గరుకుదనం రాలేదు. మొత్తం 9,400 కుట్లు. నా మిషన్ నిమిషానికి 400 వేస్తుంది, దారం రంగులు మార్చడంతో కలిపి ముప్పావుగంట పట్టింది.

దారాల కోసం బట్టల బజార్ దాకా పోయాను. మ్యాచింగ్ సెంటర్ అతను గులాబీ రంగులో పదకొండు రకాలు తీసి ముందర పోశాడు. "గునుగు రంగు ఇవ్వండి" అంటే వెతక్కుండా ఒకటి పక్కకు పెట్టాడు. ఆ రంగే కుదిరింది. వరంగల్‌లో దుకాణం పెట్టుకున్నోళ్ళకు ఈ మాత్రం తెలియకపోతే ఎట్లా!

గలీబుల కాటన్ బట్టను ముందే ఉతికి ఇస్త్రీ చేశాను. లేకపోతే మొదటి ఉతుకులో బట్ట ముడుచుకుంటుంది, కుట్టు ముడుచుకోదు, చుట్టూ ముడతలొస్తాయి. కింద బ్యాకింగ్ పేపర్, 75 నంబరు సూది. బుగ్గకు గుచ్చుకోకుండా డిజైన్‌ను మూలకు జరిపాను.

ఇంత జాగ్రత్తపడి, మొదటి గలీబును పక్క కుట్లు విప్పకుండానే ఫ్రేముకు ఎక్కించాను. అంతా అయ్యాక తీసి చూస్తే పూలు భలే వచ్చాయి. దిండు పెట్టబోతే చెయ్యి లోపలికి పోదు. పై బట్టా కింది బట్టా కలిపి కుట్టేశాను! తొమ్మిది వేల కుట్లు విప్పే ఓపిక ఎవరికుంది? మళ్ళీ కొత్తది తెచ్చి, పక్క కుట్లు విప్పి, ఒక్క పొర మీద వేసి, తర్వాత మూసి కుట్టాను. చెడిపోయిన దాన్ని అమ్మ టీవీ మీద కప్పింది.

పెండ్లిరోజున పరకాలకు పోయి ఇచ్చాను. అక్క కవర్ విప్పి, గునుగు మీద వేలు పెట్టి అట్లనే ఉండిపోయింది. తర్వాత బావ వైపు తిరిగి, "యాదికుందా? పొద్దుగాల సైకిల్ మీద తెచ్చినవ్" అన్నది.

బావ గొంతు సవరించుకున్నాడు. "అదీ... ఆ రోజు నాకు జ్వరం. తమ్మున్ని పంపిన."

"25 ఏండ్లకు చెప్తున్నవా?" అని అక్క ఒక గలీబు తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండోది మరిదికి ఇవ్వమని నా చేతిలో పెట్టింది.